అట్ట మడతలో ముల్లంగి

ముల్లంగిగా మారిన మనిషికి అన్నిటికంటే పెద్ద చిరాకు కళ్లజోడు. చెవులు ఉండవు కాబట్టి తగిలించుకోవడానికి వీల్లేదు, ముక్కు ఉండదు కాబట్టి ఆనించుకోవడానికి వీల్లేదు. మురాసే షోహెయ్ గారు పన్నెండేళ్లుగా కళ్లజోడును నెత్తిమీది ఆకులకు దారంతో కట్టుకుని బొమ్మలు గీస్తున్నారు. కాకినాడ ఉక్కకు మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆకులు వాలిపోతాయి. కళ్లజోడు జారి నోటి దాకా వస్తుంది. అప్పుడు నీళ్లు చల్లుకుని, ఆకులు మళ్లీ లేచేదాకా పావుగంట ఊరికే కూర్చోవాలి. మెయిన్ రోడ్డులో కళ్లజోళ్ల షాపాయన ఆరు రకాల ఫ్రేములు పెట్టి చూసి, చివరికి "ఇది మీ ఫేసుకి బాగా సెట్టయిందండి" అన్నాడు. ఎవరొచ్చినా ఆయన అదే అంటాడు.

మురాసే గారిది జపాన్. వృత్తి మంగా, అంటే వారపత్రికలకు బొమ్మల కథలు గీయడం. టోక్యోలో వెలువడే ఒక పత్రికకు వారానికి పందొమ్మిది పేజీలు ఇవ్వాలి. ఆయన కథలో హీరో ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగి. అతనికి ఎగరడం వచ్చు గానీ, డిపార్టుమెంటు నుంచి అనుమతి రావాలి. ఇరవై తొమ్మిది సంపుటాలుగా ఆ ఫైలు నడుస్తోంది, హీరో నడుస్తున్నాడు. మురాసే గారి భార్య సౌదామిని కాకినాడ ఆవిడ. టోక్యోలో యంత్రాల మాన్యువళ్లు తర్జుమా చేసే ఉద్యోగంలో ఉండగా పరిచయమై, పద్నాలుగేళ్ల కిందట కాకినాడలోనే పెళ్లయింది. పేజీలు నెట్లో పంపితే చాలని పత్రికవాళ్లు ఒప్పుకున్నాక, కూతురు హారుకని తీసుకుని ముగ్గురూ రామారావుపేటలో మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చేశారు.

ముల్లంగి కావడంలో విశేషమేమీ లేదు. ఆ వృత్తిలో అది మామూలే. మంగా చిత్రకారులు పుస్తకం మీద తమ ఫొటో వేసుకోరు. అట్ట లోపలి మడతలో తమ బొమ్మ తామే చిన్నగా గీసుకుంటారు. ఉన్నదానికంటే తక్కువగా గీసుకోవడం మర్యాద. పుస్తకం విడుదలైన తొంభయ్యో రోజున మనిషి ఆ బొమ్మలోకి మారతాడు. మురాసే గారికి సీనియర్ ఒకాయన వేయించిన రొయ్య. మెత్తబడిపోతానని వానాకాలంలో బయటికి రాడు. ఒకావిడ పిల్లి. రోజుకి పదహారు గంటలు నిద్రపోవాలి కాబట్టి ఆవిడ పేజీలు ఎప్పుడూ ఆలస్యమే. ఒకాయన మాత్రం తెలివి మీరి తన బొమ్మను పొడుగ్గా, కోటేరు ముక్కుతో, గాలికెగిరే జుట్టుతో గీసుకున్నాడు. పత్రికతో పాటు పాఠకులకు ఒక కార్డు వస్తుంది, నచ్చిన మూడు శీర్షికల పేర్లు రాసి తిరిగి పంపాలి. పది వారాలు వరసగా అడుగున ఉన్న కథని ఆపేస్తారు. పొగరు చూపించాడని పాఠకులు ఆయన కథని సరిగ్గా పది వారాల్లో ఆపించేశారు. ఆయన ఇప్పటికీ చాలా అందంగా ఉంటాడు. ఒక మాల్ దగ్గర పార్కింగ్ టోకెన్లు ఇస్తుంటాడు.

నిజానికి మురాసే గారు ముల్లంగి కావాలనుకోలేదు. మొదటి సంపుటం ప్రెస్సుకు వెళ్లే రోజు, మడత బొమ్మ ఇంకా రాలేదని ఎడిటర్ కువబారా ఫోన్ చేశాడు. తన ముఖం తాను గీసుకోవడానికి మురాసే గారికి సిగ్గేసింది. మన బతుక్కి ముఖం కూడానా అనుకుని ముల్లంగి గీసి పంపారు. నాలుగు ఆకులు, కళ్లకు రెండు చుక్కలు, నోటికి ఒక గీత, పుల్లల్లాంటి కాళ్లు చేతులు. ఎడిటర్ చూసి "అయ్యయ్యో, అదేంటండీ, మీ ముఖానికేమైంది, చక్కగా ముఖమే వేయండి" అంటాడని, అప్పుడు కాస్త మొహమాటపడి ముఖం వేద్దామని ఆయన ఆలోచన. భోజనాల దగ్గర విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, వేళ్ల మధ్య సందు వదిలి "చాలు చాలు" అనే పద్ధతి మనకే కాదు, అక్కడా ఉంది. కువబారా బొమ్మ చూసి మళ్లీ ఫోన్ చేశాడు.

"అచ్చం మీలాగే ఉంది" అని ఫోన్ పెట్టేశాడు.

తొంభయ్యో రోజు పొద్దున్నే సౌదామిని కాఫీ తెచ్చి, మంచం మీద దుప్పటి కప్పుకున్న ముల్లంగిని చూసింది.

"ఏవండీ, మీరేనా?"

"ఆయ్, నేనేనండి" అన్నారు మురాసే గారు. తెలుగు ఆయన అత్తవారింట్లో నేర్చుకున్నారు.

"ఉప్మా తింటారా, అది కూడా మానేశారా?"

తిన్నారు. అక్కడితో ఆ విషయం అయిపోయింది. ఒక మనిషికి రెండు ముఖాలు ఉండకూడదనే నిబంధన ప్రకారం పాత ఫొటోలన్నీ కూడా అదే రోజు మారిపోయాయి. పెళ్లి ఆల్బంలో ఇప్పుడు ఒక ముల్లంగి సౌదామిని మెడలో తాళి కడుతుంది. తలంబ్రాల ఫొటోలో ఆకుల మధ్య ఇరుక్కున్న బియ్యాన్ని ఎవరో ఏరుతుంటారు. కాకినాడ ఫ్లాటు గృహప్రవేశానికి వచ్చిన పంతులుగారు పీటల మీద ఆయన్ని చూసి ఒక నిమిషం పంచాంగం తిరగేసి, "ముల్లంగి వంటలోకే కూడదండి, పీటల మీదికి అభ్యంతరం లేదు, గోత్రం చెప్పండి" అన్నారు. గుర్తింపు కార్డు తీసేచోట క్లర్కు ఆయన చేతిని యంత్రం మీద నాలుగుసార్లు నొక్కి, "వేలిముద్రలు పడట్లేదండి. మా నాన్నగారివీ పడవు లెండి. నవ్వకుండా ఇటు చూడండి" అని ఫొటో తీశాడు. కార్డు వచ్చాక చూస్తే, ఆ వీధిలో అందరి కార్డులకంటే ఆయనదే కాస్త మనిషిలా ఉంది.

మురాసే గారు కూడా అలవాటుపడ్డారు. ఎదుటివాళ్లు నవ్వేలోగా తానే నవ్వేయడం నేర్చుకున్నారు. అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో వాటర్ ట్యాంకు గురించి ఆయన అభిప్రాయం అడిగితే, "నాదేముందండి, సాంబార్లో పడేసే సరుకుని" అన్నారు. అందరూ నవ్వారు. అభిప్రాయం అడగడం మర్చిపోయారు. పత్రికలో కూడా ఆయన తన మీద తాను వేసుకునే జోకులతో 'ముల్లంగి మాట' అని అరపేజీ గీయడం మొదలుపెట్టారు. నాన్న దగ్గర తిట్లు తిన్న ముల్లంగి, ఇంక్రిమెంటు అడగలేక టీ తాగి వచ్చేసిన ముల్లంగి, బస్సులో సీటు ఖాళీ అయినా కూర్చోకుండా నిలబడ్డ ముల్లంగి. పాఠకుల కార్డుల్లో ఆ అరపేజీ మూడో స్థానంలో ఉంది. మీటర్ల హీరో కథ పద్నాలుగో స్థానంలో ఉంది. అరపేజీ పుణ్యమా అని కథ నిలబడుతోందని కువబారా మర్యాదగా నెలకోసారి గుర్తు చేస్తాడు.

ఇదంతా ఇలాగే సాగిపోయేది. మొన్న వినాయక చవితికి అపార్టుమెంటు సెల్లారులో భోజనాలు పెట్టారు. గ్రౌండ్ ఫ్లోర్ రిటైర్డ్ టీచరుగారు పులిహోర వడ్డిస్తూ పదేళ్ల హారుక బుగ్గ గిల్లి, "పిల్లది అచ్చం నాన్న పోలికేనమ్మా!" అన్నారు. పక్కావిడ కూడా చూసి, "మరేనండి, దింపేసినట్టుంది" అంది. వాళ్లకి వేరే ఉద్దేశం లేదు. పులిహోర వేసినప్పుడు ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారు.

హారుక ఇంటికొచ్చి బాత్రూం అద్దం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత గీతలు గీసుకుంటున్న తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నాకు ఆకులు ఎప్పుడొస్తాయి?"

"నీకు రావమ్మా" అన్నారు మురాసే గారు.

"మరి నేను నీ పోలికే కదా. అందరూ చెప్తున్నారు. సెవెంత్ క్లాసులోనా, ఎయిత్ క్లాసులోనా? ముందే చెప్పు, నేను మా ఫ్రెండ్స్‌కి చెప్పుకోవాలి."

"నా అసలు ముఖం ఇది కాదమ్మా."

"మరి ఏది?"

అది చెప్పడం ఎంతసేపులే అనుకున్నారు మురాసే గారు. చెప్పబోయి చూస్తే లోపల ఏమీ లేదు. పన్నెండేళ్లుగా అద్దంలో రెండు చుక్కలు, ఒక గీత చూసుకుంటున్నారు. దాని ముందు ఏముందో గుర్తు రాలేదు.

తన ముఖం తిరిగి తెచ్చుకోవాలని ఆయన ఆ రోజే నిర్ణయించుకున్నారు. అదృష్టవశాత్తూ వీలుంది. ముప్పయ్యో సంపుటంలో ఒకసారి, మళ్లీ అరవయ్యో సంపుటంలో ఒకసారి మడత బొమ్మ మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పయ్యో సంపుటం ఈ నెలలోనే ప్రెస్సుకు వెళ్తోంది. బొమ్మ మంగళవారం మధ్యాహ్నం పన్నెండులోగా, అంటే కాకినాడలో ఎనిమిదిన్నరకు, టోక్యో చేరాలి. అది దాటితే ఇంకో పన్నెండేళ్లు. అప్పటికి హారుకకి ఇరవై రెండు నిండుతాయి. దరఖాస్తుతో పాటు అసలు ముఖం వివరాలు, ఆ ముఖాన్ని చూసిన బంధువు కాని సాక్షి సంతకం జతచేయాలి.

మురాసే గారు ముందు భార్యని అడిగారు.

"నా ముఖం ఎలా ఉండేదండి?"

"బాగానే ఉండేది" అంది సౌదామిని, బీరకాయ చెక్కు తీస్తూ.

"ముక్కు?"

"ముక్కా? ముక్కులాగే ఉండేదండి. మరీ అంత పట్టించుకునేలా ఉండేది కాదు. నిశ్చితార్థానికి బిస్కట్ రంగు చొక్కా వేసుకొచ్చారు, కాలరు మాసింది, అది గుర్తుంది. మా పెద్దమ్మ చూసి అబ్బాయి నెమ్మదస్తుడు అంది."

నెమ్మదస్తుడు అన్నది బొమ్మ గీయడానికి సరిపోదు. ఆయన జపాన్లో ఉన్న తల్లికి ఫోన్ చేశారు. ఎనభై నాలుగేళ్ల ఆ తల్లి చాలాసేపు క్షమాపణలు చెప్పి, మా అబ్బాయి ముఖం నలుగురూ గుర్తుపెట్టుకోవాల్సినంత గొప్పదేమీ కాదని, దాని గురించి ఎవరినీ శ్రమ పెట్టవద్దని కోరింది. ఈ వినయం ఆ కుటుంబంలో మూడు తరాలుగా ఉంది.

పెళ్లిలో ఫొటోలు తీసిన చిట్టిరాజు జగన్నాథపురంలో ఇంకా స్టూడియో నడుపుతున్నాడు. బంధువు కాని సాక్షిగా అతనే సరైనవాడని మురాసే గారు ఆశపడ్డారు.

"మీరు గుర్తులేకపోవడమేంటండీ బాబూ, జపాన్ పెళ్లికొడుకు!" అన్నాడు చిట్టిరాజు. "మీకు నేను ఏం చెప్పానో కూడా గుర్తుంది. గడ్డం కొంచెం కిందికి, భుజం కొంచెం ఇటు, అమ్మాయిగారి వైపు చూడండి, అదీ, అలాగే ఉండండి అన్నాను."

"ఆ గడ్డం ఎలా ఉందండి?"

"కిందికి పెట్టారండి" అన్నాడు చిట్టిరాజు గర్వంగా. "చెప్పగానే పెట్టారు. అలా మాట వినే పెళ్లికొడుకుని నేను మళ్లీ చూళ్లేదు."

చివరికి దారి అత్తగారు వెంకటరత్నం గారు చూపించారు. ఆవిడ మనవరాలిని హాల్లో ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, చీపురుపుల్ల తీసుకుని లెక్క మొదలుపెట్టారు.

"అల్లుడుగారూ, ఇది తేలికండి. పిల్లలో మావాళ్లవి తీసేస్తే మిగిలింది మీదే. రాసుకోండి. కళ్లు మావి, నావి. నుదురు మా వారిది, అచ్చు. ముక్కు మా పెద్దబ్బాయిది, ఆ కొసన చూడండి, అదే వంకర. బుగ్గలు మా చెల్లెలివి. పెదాలు సౌదామినివి."

"జుట్టు అమ్మా?" అంది సౌదామిని.

"జుట్టు మా అత్తగారిది. ఆవిడవన్నీ చెడ్డవి కావు, జుట్టు మంచిదే. రంగు కూడా మాదే, మాలో తెల్లవాళ్లు లేరా ఏంటి?"

"చెవులండి?" అన్నారు మురాసే గారు ఆశగా.

"చెవులు మా రాజమండ్రి బాబాయివి. పాపం ఆయన పోయాడు గానీ, చెవులు ఆయనవే."

మధ్యాహ్నం భోజనాల వేళకు లెక్క తేలింది. ఎవరూ తమదని చెప్పుకోనివి రెండు మిగిలాయి. ఎడమ కనుబొమ, గడ్డం కింద చిన్న సొట్ట. సొట్ట నాలుగో ఏట ఉయ్యాల మీంచి పడితే వచ్చిందని హారుక గుర్తు చేసింది. దాంతో కనుబొమ ఒక్కటే మిగిలింది.

మురాసే గారు కనుబొమతో మొదలుపెట్టి మిగతాది ఊహించి గీయడానికి కూర్చున్నారు. ఒక్క ఎపిసోడ్‌లో రైల్వే స్టేషన్ జనం నాలుగు వందల ముఖాలు, ఏ రెండూ కలవకుండా గీయగల చెయ్యి అది. తన ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అలవాటు ప్రకారం తగ్గించడం మొదలుపెట్టింది. ముక్కు కాస్త బాగా వచ్చిందనిపిస్తే, గొప్పలు పోతున్నాడని అనుకుంటారేమోనని అణిచారు. జుట్టు ఒత్తుగా వస్తే పలచన చేశారు. కళ్లల్లో కొంచెం తెలివి కనపడితే చెరిపేశారు. పదకొండో చిత్తుబొమ్మ పూర్తయ్యాక సౌదామిని చూసి, "దీనికంటే ముల్లంగే నయమండీ" అంది. పోలిస్తే నిజమే. ముల్లంగికి కనీసం పోషక విలువలు ఉన్నాయి.

ఆదివారం కువబారా ఫోన్ చేశాడు.

"ముఖం మీ ఇష్టం మురాసే గారూ, మేం అడ్డు చెప్పం" అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా. "కాకపోతే ముఖానికి ఇప్పటివరకు స్థానం ఏమీ లేదు. ముల్లంగికి మూడో స్థానం ఉంది. పాఠకుల్లో చాలామంది ఉద్యోగస్తులు. సోమవారం పొద్దున్న ఆఫీసుకెళ్తూ ముల్లంగిని చూస్తే ధైర్యంగా ఉంటుందని రాస్తున్నారు. మాకంటే తక్కువవాడు ఒకడున్నాడు అని."

"మా అమ్మాయి ఆకులెప్పుడొస్తాయని అడుగుతోందండి" అన్నారు మురాసే గారు.

కువబారాకీ పిల్లలున్నారు. గొంతు తగ్గించి, దరఖాస్తు రెండో పేజీలో ఒక గడి ఉందని, దాన్ని ఎవరూ నింపరు గానీ నిబంధనల్లో ఉందని చెప్పాడు. 'ముఖం: సొంతం / ఇతరులది'. సొంతది దొరక్కపోతే ఇతరులు తాము వాడని ముఖాన్ని, అభ్యంతరం లేదని సంతకం చేసి ఇవ్వొచ్చు. తొంభై రోజుల తర్వాత పాత ఫొటోలన్నీ మళ్లీ దానికి తగ్గట్టు మారతాయి. సాక్షి కూడా అక్కర్లేదు.

"పరాయి ముఖం పెట్టుకుంటే పిల్లకి పోలిక ఎలాగండి?" అని మురాసే గారు ఇంట్లో బెంగపెట్టుకున్నారు.

"మీరేం ముఖం పెట్టుకున్నా గ్రౌండ్ ఫ్లోర్ టీచరుగారు అచ్చం నాన్న పోలికే అంటారు" అంది సౌదామిని. "ముల్లంగి పోలికలే కనపడ్డాయి ఆవిడకి. ముఖమంటూ ఒకటుంటే చాలండీ. పిల్ల నిమ్మళంగా ఉంటుంది."

అందులో న్యాయం ఉంది. మురాసే గారు ఒప్పుకున్నారు. సోమవారం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వినయంగా ఒక మెసేజ్ పెట్టారు. వాడకంలో లేని ముఖం ఎవరిదగ్గరైనా ఉంటే తెలియజేయగలరు, ఏదైనా సరే, నాలాంటివాడికి ఎక్కువే. పద్దెనిమిది మంది దణ్ణం గుర్తు పెట్టారు. ఒకరు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. ఆ సాయంత్రం హారుక జుట్టంతా నెత్తిమీదికి ఎగదువ్వి, నాలుగు పాయలుగా విడదీసి, ఆకుపచ్చ రిబ్బన్లతో కట్టుకుని హోంవర్కు చేసుకుంటోంది. ఇదేంటమ్మా అని తండ్రి అడిగితే, తల ఎత్తకుండా, "ముందునుంచే అలవాటు చేసుకుంటే ఈజీగా ఉంటుంది కదా నాన్నా" అంది.

అందుకని, చదివేవాళ్లకి ఒక మనవి. రేపు మంగళవారం. ఎనిమిదిన్నరకి దరఖాస్తు వెళ్లిపోవాలి. రెండో పేజీలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. మేనేజరు ముందు ఒక ముఖం, వియ్యాలవారి ముందు ఒకటి, బ్యాంకులో ఒకటి పెట్టుకుని తిరిగేవాళ్లు మీరు. ఇవన్నీ రాకముందు పెట్టుకున్నది ఒకటి, ఉద్యోగంలో చేరకముందుదో, పెళ్లికి ముందుదో, ఇంట్లో ఎక్కడో పడి ఉండే ఉంటుంది. మళ్లీ వాడతామని మీరు అనుకోవడం లేదు కదా. ఎక్కడ పెట్టారో గుర్తుందా? గుర్తు లేకపోతే ఎవరిని అడగాలి? అసలు అలాంటిది ఇంతకుముందు ఎవరికైనా దొరికిందా? ఎవరికైనా ఏమైనా తెలిస్తే దయచేసి చెప్పండి, ఏం చేయాలో ఇక్కడ ఎవరికీ పాలుపోవడం లేదు. కొంచెం పాతబడినా, కొలత తేడా ఉన్నా ఫర్వాలేదు. ఆయన సర్దుకుపోతారు.